కాంట్రాక్టు పనికి డబ్బు ఏ దారిలో తీసుకోవాలి: ఇక్కడి క్లయింటు నుంచి, విదేశీ క్లయింటు నుంచి

ఉద్యోగం కాకుండా సొంతంగా పని ఒప్పుకుని చేసే అనువాదకులు, డిజైనర్లు, ప్రోగ్రామర్లు, సైటు ఇంజనీర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ‘పేమెంట్ ఎలా పంపమంటారని క్లయింటు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?’ చాలామంది ఏ దారిలో చార్జీ తక్కువో మాత్రమే చూసుకుని జవాబు చెప్పేస్తారు. చార్జీ చూడవలసిందే. అయితే అంతకంటే ముందు చూడవలసింది, ఆ దారిలో వచ్చిన డబ్బుకు మీ చేతిలో ఏ కాగితం మిగులుతుందన్నది. రెండు శాతం మిగిల్చుకుని, రెండేళ్ల తర్వాత ఆ జమ ఎక్కడిదో రుజువు చేయలేక తిప్పలు పడ్డవారిని దగ్గరగా చూశాను కాబట్టి ఈ మాట మొదటే చెబుతున్నాను.

కింద వాడిన సెక్షన్ నంబర్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో నంబర్లు వేరుగా ఉంటాయి. ఆడిటర్లూ అకౌంట్స్ విభాగాలవారూ ఇప్పటికీ పాత నంబర్లతోనే మాట్లాడుకుంటారు కనుక వాటినే ఉంచాను.

ముందుగా దగ్గర ఉండవలసినవి

- ఆధార్‌తో అనుసంధానం చేసిన పాన్. అనుసంధానం కాని పాన్ చెల్లనిదిగా మారుతుంది, అప్పుడు పన్నుగా 10 శాతం కోయవలసిన చోట క్లయింటు 20 శాతం కోస్తారు.
- పని డబ్బుకు మాత్రమే వాడే ఒక బ్యాంకు ఖాతా. ఖాతాలోని పేరు, పాన్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.
- వరుస సంఖ్య, తేదీ, పని వివరం, మీ పాన్, ఖాతా వివరాలు ఉన్న ఇన్వాయిస్ నమూనా.
- ఆదాయపు పన్ను పోర్టల్ లాగిన్. అది ఆడిటరు దగ్గర మాత్రమే కాక మీ దగ్గర కూడా ఉండాలి.
- ఉద్యమ్ నమోదు, అంటే సూక్ష్మ, చిన్న సంస్థగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు. ఇది పూర్తిగా ఉచితం. ప్రభుత్వ పోర్టల్‌ను పోలిన ప్రైవేటు సైట్లు దీనికి డబ్బు అడుగుతాయి, వాటికి కట్టవద్దు.
- మీ మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటుతుంటే జీఎస్టీ నమోదు. సేవలు అందించేవారికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇదే పరిమితి.

1. క్లయింటు ఏ కోవకు చెందుతారో తేల్చుకోండి

డబ్బు పంపేవారు మూడు రకాలు. మొదటిది మన దేశంలోని కంపెనీ, భాగస్వామ్య సంస్థ, ట్రస్టు వంటివి. వీరు టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసి, మీ పేరున ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోసి మిగిలినది ఇస్తారు. రెండవది తన ఇంటి పని చేయించుకునే వ్యక్తి. ఏడాదిలో 50 లక్షలు దాటితే తప్ప వీరికి టీడీఎస్ బాధ్యత ఉండదు. మూడవది విదేశీ క్లయింటు. వీరి విషయంలో మన టీడీఎస్ సాధారణంగా ఉండదు కానీ, డబ్బు దేశంలోకి వచ్చిన దారికి రుజువు ఉండాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, అమెరికా కంపెనీకి పని చేస్తున్నాం కాబట్టి ఇది విదేశీ ఆదాయమే అనుకోవడం. ఒప్పందం మీద సంతకం చేసింది హైదరాబాదులోని ఆ కంపెనీ భారతీయ అనుబంధ సంస్థ అయి, డబ్బు రూపాయల్లో వస్తుంటే, అది మామూలు దేశీయ చెల్లింపే. ఇన్వాయిస్ ఎవరి పేరున రాస్తున్నారో, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుందో రెండూ చూసుకున్న తర్వాతే ముందుకు వెళ్లండి.

2. లెక్క కట్టే పద్ధతిని ఎంచుకోండి

పని ఎక్కడ ఆగుతుందో ముందే తెలియనప్పుడు గంటల లెక్క మంచిది. పని హద్దులు స్పష్టంగా ఉంటే మొత్తానికి ఒక ధర మాట్లాడుకుని, దాన్ని దశలుగా విడగొట్టండి. ప్రతి నెలా వచ్చే పని అయితే నెలకు ఇంత అని, దానికి ఇన్ని గంటలు లేదా ఇన్ని పేజీలు అని రాసుకోండి.

నా అభిప్రాయం అడిగితే, కొత్త క్లయింటుతో మొత్తం ధరను చివర్లో ఒకేసారి తీసుకోవడానికి ఎప్పుడూ ఒప్పుకోవద్దు. మూడో వంతు అడ్వాన్సుగా, మూడో వంతు మధ్యలో, మిగిలినది పని అప్పగించాక అన్న పద్ధతిలో, క్లయింటు మొండికేసినా మీరు పూర్తిగా మునిగిపోరు. అడ్వాన్సుకు కూడా టీడీఎస్ వర్తిస్తుందని గుర్తుంచుకోండి. లెక్కల్లో రాసిన రోజు, చెల్లించిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పుడే కోత పడుతుంది. జీఎస్టీ నమోదు ఉన్నవారు అడ్వాన్సు అందినప్పుడే దాని మీద పన్ను కూడా లెక్కించుకోవాలి.

3. ఒప్పందంలో ఈ విషయాలు రాయించండి

పెద్ద దస్తావేజు అక్కర్లేదు. క్లయింటు ‘అంగీకారమే’ అని జవాబిచ్చిన ఈమెయిల్ ఉన్నా ఆధారంగా పనికివస్తుంది. అందులో ధర జీఎస్టీతో కలిపా విడిగానా, ఇన్వాయిస్ ఇచ్చిన ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, ఏ సెక్షన్ కింద టీడీఎస్ కోస్తారు, విదేశీ చెల్లింపు అయితే ఏ కరెన్సీలో పంపుతారు, బ్యాంకు చార్జీలు ఎవరు భరిస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. చార్జీల మాట మరచిపోయేవారు ఎక్కువ. వెయ్యి డాలర్లకు ఒప్పుకుని, తొమ్మిది వందల ఎనభై అందాక అడిగితే వినేవారుండరు.

4. దేశీయ చెల్లింపుకు దారి ఎంచుకోండి

సంస్థల నుంచి తీసుకునేటప్పుడు నెఫ్ట్ ద్వారా బ్యాంకు బదిలీని మొదటి ఎంపికగా పెట్టుకోండి. 2019 డిసెంబరు నుంచి ఇది రోజంతా, సెలవు రోజుల్లో కూడా పనిచేస్తోంది. పంపినవారి పేరు, లావాదేవీ సంఖ్య స్టేట్‌మెంట్‌లో నిలిచిపోతాయి. 2 లక్షలు, ఆపైన అయితే ఆర్‌టీజీఎస్, వెంటనే అందాలంటే 5 లక్షల వరకు ఐఎంపీఎస్ వాడుకోవచ్చు.

యూపీఐ చిన్న మొత్తాలకు సులువు. సాధారణ పరిమితి రోజుకు లక్ష రూపాయలు. దానిలో ఉన్న లోపమల్లా, కంపెనీ యజమాని తన సొంత ఫోన్ నుంచి పంపేస్తే కంపెనీ లెక్కకూ మీ ఇన్వాయిస్‌కూ పొంతన కుదరకపోవడం. యూపీఐలో తీసుకుంటే ఇన్వాయిస్ సంఖ్యను నోట్‌లో రాయమని అడగండి, డబ్బు అందినట్టు అదే రోజు ఈమెయిల్ పంపండి.

చెక్కు తీసుకోవడం తప్పు కాదు. తేదీ నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వేయాలి. అది బౌన్స్ అయితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లో కోర్టులో ఫిర్యాదు చేయాలి. ‘రేపు వేస్తాను, ఎల్లుండి వేస్తాను’ అన్న మాటలు వింటూ మొదటి 30 రోజులు దాటబెట్టుకున్నవారు చెక్కుల చట్టం ఇచ్చే బలమైన ఆయుధాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

నగదు విషయంలో నా సలహా ఒక్కటే, వీలైనంతవరకు వద్దు. ఒకరి దగ్గర ఒకే రోజున గానీ ఒకే పనికి గానీ 2 లక్షలు, అంతకుమించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడుతుంది. ఆ జరిమానా పడేది ఇచ్చినవారికి కాదు, తీసుకున్న మీకు.

5. టీడీఎస్ కోతను సరిగా అర్థం చేసుకోండి

‘60 వేలకు బిల్లు పెడితే 54 వేలే వచ్చాయి, మోసం చేశారా?’ అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మోసం కాదు. వృత్తిపరమైన సేవలకు 194జె సెక్షన్ కింద 10 శాతం, సాంకేతిక సేవలకు 2 శాతం కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక క్లయింటు ఏడాదిలో ఇచ్చేది 50 వేలు దాటితేనే ఈ కోత ఉంటుంది, అంతకుముందు ఈ పరిమితి 30 వేలు. పని కాంట్రాక్టు కిందికి వస్తే 194సి ప్రకారం వ్యక్తులకు 1 శాతం కోస్తారు.

ఒక శాతమే కదా అని, వృత్తి పనికి కూడా 194సి కింద కోయమని క్లయింటును అడగవద్దు. నాకు తెలిసిన ఒక అనువాదకురాలు అలాగే చేయించుకున్నారు. ప్రభుత్వ రికార్డులో కాంట్రాక్టు రాబడి అని, ఆమె రిటర్నులో వృత్తి ఆదాయమని కనిపించి, రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయో వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. కోత ఎక్కువైతే మీ డబ్బు కొన్నాళ్లు ఆగుతుందే తప్ప పోదు, రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. ఆ ఆగడం కూడా భరించలేని పరిస్థితి అయితే 197 సెక్షన్ కింద తక్కువ కోత ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

జీఎస్టీ వేసేవారికి ఒక జాగ్రత్త. ఇన్వాయిస్‌లో జీఎస్టీని విడిగా చూపితే టీడీఎస్ అసలు మొత్తం మీదే కోయాలి. 60 వేల పనికి 18 శాతం జీఎస్టీ 10,800 కలిపి బిల్లు 70,800 అయితే, 10 శాతం కోత 6,000 మాత్రమే, మీకు 64,800 అందాలి. 63,720 వచ్చిందంటే జీఎస్టీ మీద కూడా కోశారని అర్థం. అకౌంట్స్ విభాగానికి రాసి సరిచేయించండి.

6. విదేశీ చెల్లింపుకు దారి ఎంచుకోండి

ఇక్కడ ఉన్న దారులు ప్రధానంగా మూడు: బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్ బదిలీ, పేపాల్ వంటి చెల్లింపు వేదికలు, పేయోనీర్, వైజ్ వంటి బదిలీ సేవలు. పేపాల్ మన దేశంలో అంతర్గత చెల్లింపులను 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది కాబట్టి, అది విదేశీ క్లయింటుకు మాత్రమే పనికివస్తుంది.

ఏది చవక అన్న ప్రశ్నకు ప్రకటనల్లోని ఫీజు చూసి జవాబు చెప్పలేం, ఎందుకంటే సగం ఖర్చు మారకపు రేటులో దాగి ఉంటుంది. మీరే ఇలా లెక్క వేయండి. ఖాతాలో పడిన రూపాయలను ఇన్వాయిస్‌లోని డాలర్లతో భాగించండి. వచ్చిన సంఖ్యను, ఆ రోజు వార్తల్లో చెప్పే మారకపు రేటుతో పోల్చండి. ఆ తేడాయే అసలు ఖర్చు.

లెక్క సులువుగా ఉండేందుకు డాలరు 85 రూపాయలు అనుకుందాం. ఒక వేదిక ద్వారా వెయ్యి డాలర్లకు 81,200 అందితే, మీకు దక్కిన రేటు 81.20, ఖర్చు సుమారు 4.5 శాతం. అదే వెయ్యి డాలర్లు స్విఫ్ట్‌లో వచ్చినప్పుడు మధ్య బ్యాంకు 20 డాలర్లు తీసుకుని, మీ బ్యాంకు 84.20 రేటు ఇచ్చి, 500 రూపాయల చార్జీ వేస్తే 82,016 అందుతుంది, ఖర్చు 3.5 శాతం. ఇప్పుడు ఇదే దారిలో 5,000 డాలర్లు తెప్పించండి. మధ్య బ్యాంకు కోతా మీ బ్యాంకు చార్జీ మారకపోతే 4,18,816 వస్తుంది, ఖర్చు ఒకటిన్నర శాతానికి దిగుతుంది. అంటే స్థిరమైన చార్జీ ఉండే దారి పెద్ద మొత్తాలకు, శాతంగా తీసుకునే దారి చిన్న మొత్తాలకు అనుకూలం. ప్రతి వారం 200 డాలర్లు స్విఫ్ట్‌లో తెప్పించుకునేవారు, క్లయింటుతో మాట్లాడి నెలకు ఒకసారికి మార్చుకుంటే చాలా మిగులుతుంది.

మీ బ్యాంకు ఇచ్చే రేటు కూడా రాతి మీద గీత కాదు. విదేశీ మారక వ్యవహారాలు చూసే శాఖకు వెళ్లి, క్రమం తప్పకుండా జమలు వస్తాయని చెప్పి అడిగితే తగ్గించే అవకాశం ఉంది.

చేయకూడని పనులు రెండు ఉన్నాయి. మొదటిది మన ఇళ్లలో చాలా మామూలుగా జరిగేది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య ఖాతాలో క్లయింటు చేత డబ్బు వేయించి, ఆయన చేత ఇంటి ఖర్చులకన్నట్టు ఇక్కడికి పంపించుకోవడం. చార్జీ మిగలవచ్చు కానీ, మీ సంపాదన కుటుంబ పోషణ కింద నమోదవుతుంది, అన్నయ్యకు అక్కడి పన్ను శాఖ ముందు లేని ఆదాయానికి వివరణ ఇచ్చుకునే ఇబ్బంది వస్తుంది, మీ దగ్గర సేవల ఎగుమతికి ఏ రుజువూ మిగలదు. రెండవది క్రిప్టోలో తీసుకోవడం. విదేశీ మారకం బ్యాంకు ద్వారా వచ్చినట్టు కాగితం ఉండదు, పైగా దాన్ని అమ్మినప్పుడు వచ్చే లాభం మీద 30 శాతం పన్ను వేరు.

7. విదేశీ చెల్లింపుకు కాగితాలు పుట్టించుకోండి

డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్, అంటే ఆ డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పే సంకేతం, అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802, వ్యాపార, నిర్వహణ సలహాలకు పీ1006 వంటివి ఉన్నాయి. మీ పనికి దగ్గరైనది బ్యాంకు జాబితా చూసి ఎంచుకోండి. తొందరలో కుటుంబ పోషణ కోడ్‌ను ఎంచుకోవడమే ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు.

ప్రతి జమకూ విదేశీ రెమిటెన్స్ ధ్రువపత్రం, అంటే ఫిరా, తీసుకోండి. కొన్ని సేవలు దాన్ని ఉచితంగా ఇస్తాయి, కొన్ని రుసుము తీసుకుంటాయి. దారి ఎంచుకునేటప్పుడే ఈ ప్రశ్న అడగండి, ఫిరా ఇవ్వలేని దారిని అక్కడికక్కడే పక్కన పెట్టేయండి.

జీఎస్టీ నమోదు ఉన్నవారు విదేశీ ఇన్వాయిస్ పెట్టకముందే జీఎస్టీ పోర్టల్‌లో ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేయాలి. దీనితో పన్ను కట్టకుండానే సేవలను ఎగుమతి చేయవచ్చు. ఇది ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి, ప్రతి మార్చి నెలాఖరులో కొత్తది వేయడం అలవాటు చేసుకోండి.

అమెరికా క్లయింటు పన్ను పత్రం అడిగితే, భారతదేశంలో ఉండి పనిచేసే వ్యక్తి ఇవ్వవలసింది డబ్ల్యూ-8 బెన్. డబ్ల్యూ-9 అమెరికా పౌరులకూ, అక్కడి పన్ను నివాసులకూ సంబంధించినది, దాని మీద సంతకం చేయవద్దు. డబ్ల్యూ-8 బెన్ సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరి వరకు చెల్లుతుంది.

8. డబ్బు ఆలస్యమైతే

ఉద్యమ్ నమోదు విలువ ఇక్కడ తెలుస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. ఒక్కరే పనిచేసుకునేవారు కూడా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) సెక్షన్ వల్ల, గడువులోపు చెల్లించని మొత్తాన్ని క్లయింటు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో బకాయి గుర్తుచేస్తూ పంపే ఈమెయిల్‌లో మీ ఉద్యమ్ నంబరును, ఈ సెక్షన్‌ను మర్యాదగా ప్రస్తావించండి. అరిచి సాధించలేనిది ఆ రెండు వాక్యాలతో వసూలైన సందర్భాలు నాకు ఉన్నాయి.

తర్వాత చేయించుకున్న నమోదు పాత బిల్లులకు వర్తిస్తుందా అన్న వివాదంలో పడకుండా, పని మొదలుపెట్టకముందే నమోదు చేయించుకోండి. గడువు లెక్క పని అందిన రోజుతో ముడిపడి ఉంటుంది కనుక, పని అప్పగించినట్టు తేదీతో ఈమెయిల్ తప్పక ఉండాలి. అయినా కదలకపోతే, చిన్న సంస్థల బకాయిల కోసం ప్రభుత్వం నడిపే పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

ఒక పట్టిక పెట్టుకోండి. ఇన్వాయిస్ సంఖ్య, మొత్తం, కోత, జమ అయిన తేదీ, జమ అయిన మొత్తం, దాని కాగితం అన్న గడులు ఉంటే చాలు. విదేశీ వరుసలకు దక్కిన రేటు అన్న గడి కూడా చేర్చండి. మూడు నెలలకే ఏ దారి మీకు ఖరీదైనదో కనిపిస్తుంది.

టీడీఎస్ కోసినంత మాత్రాన ప్రభుత్వానికి చేరినట్టు కాదు. క్లయింటు దాన్ని సాధారణంగా మరుసటి నెల 7వ తేదీలోపు కట్టి, మూడు నెలలకోసారి మీ పాన్‌తో వివరాలు దాఖలు చేయాలి. దాఖలుకు చివరి తేదీలు జులై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. ఆ తర్వాత రెండు మూడు వారాలకు ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్ను వివరాల పట్టిక) తెరిచి, మీ పట్టికతో వరుసవారీగా పోల్చండి. క్లయింటు ఇచ్చే టీడీఎస్ ధ్రువపత్రం, ఫారం 16ఏ, కూడా అడిగి తీసుకోండి.

నాకే ఒకసారి, ఒక క్లయింటు ఏడాది పొడవునా కోసిన టీడీఎస్‌లో రెండు త్రైమాసికాలది 26ఏఎస్‌లో కనిపించలేదు. రిటర్ను వేసే వారంలో చూసుకోవడం నా పొరపాటు. జమ అయిన మొత్తాలు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్వాయిస్‌లు, కోత వివరాలున్న క్లయింటు ఈమెయిళ్లు దగ్గర ఉండబట్టి వారి చేత సవరణ దాఖలు చేయించగలిగాను. కోసిన పన్నును మళ్లీ మీ నుంచే వసూలు చేయరాదని 205 సెక్షన్ చెబుతుంది కానీ, కోశారని చూపవలసిన బాధ్యత మీదే. అందువల్ల మీ కేసులో తేడా కనిపిస్తే, ముందు పాన్ తప్పుగా రాశారేమో అడగండి. పాన్ సరిగానే ఉంటే చలాను వివరాలు అడగండి. రెండింటికీ జవాబు రాకపోతే, తర్వాతి ఇన్వాయిస్ పని మొదలుపెట్టే ముందే ఆ సవరణ పూర్తి కావాలని రాతపూర్వకంగా తెలియజేయండి.